బంగారు కణాల పక్కన ఫ్లోరసెన్స్ పెరగాలా, తగ్గాలా?

నీలికాంతి: 20 నానోమీటర్ల బంగారు కణాలకు థయాల్ (బంగారానికి అంటుకునే గంధకపు కొక్కెం) ద్వారా ఫ్లోరసీన్ అనే ఫ్లోరసెంట్ డై (కాంతి పడితే తిరిగి వెలిగే రంగు) తగిలించాను. లోహం దగ్గర ఉంటే వెలుగు పెరుగుతుందని అందరూ అంటారు. నాకు మాత్రం దాదాపు ఆరిపోయింది. ఇలా ఎవరికైనా జరిగిందా?

సన్నపొర: మాకూ జరిగిందండి. నేరుగా తగిలిస్తే అంతే. ఉత్తేజితమైన అణువు కాంతిని వదిలేలోపే దాని శక్తిని లోహం లాగేసుకుంటుంది, అది వేడిగా పోతుంది. మేం వెండి కణాల మీద సిలికా పొర వేసి, మందం పెంచుతూ చూశాం. పల్చటి పొర మీద డై ఆరిపోయింది. 10 నానోమీటర్ల దగ్గర బాగా వెలిగింది. ఇంకా దూరం జరిపితే కణం ఉన్నా లేనట్టే. ఒక్క అణువుతో కూడా ఇది చూపించారు: 2006లో 80 నానోమీటర్ల బంగారు గోళాన్ని అణువు దగ్గరికి తెస్తుంటే వెలుగు ముందు పెరిగి, మరీ దగ్గరయ్యాక పడిపోయింది.

తరంగం: దూరం ఒక్కటే సరిచేస్తే చాలదని నా అభిప్రాయం. 20 నానోమీటర్ల బంగారం కాంతిని ఎక్కువగా మింగేస్తుంది, వెదజల్లేది చాలా తక్కువ. పైగా అది మింగేది 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, ఫ్లోరసీన్ వెలిగేదీ అక్కడే. పెద్ద కణం, ఎరుపు వైపు వెలిగే డై తీసుకోండి.

ఇంకో సంగతి. క్షార ద్రావణంలో ఫ్లోరసీన్ క్వాంటం ఈల్డ్ (మింగిన కాంతిలో వెలుగుగా తిరిగొచ్చే వాటా) 0.9 దాకా ఉంటుంది, ఈల్డ్ పరంగా ఇక పెరగడానికి చోటే లేదు. పెరిగితే గిరిగితే కణం చుట్టూ కాంతి క్షేత్రం బలపడటం వల్లే పెరగాలి. 2009లో బౌటై (ఎదురెదురు త్రిభుజాల) ఆకారపు బంగారు యాంటెన్నాతో 1,340 రెట్లు వచ్చిందంటే, ఆ డై క్వాంటం ఈల్డ్ 2.5 శాతమే. మసక డైలకే లోహం ఎక్కువ మేలు చేస్తుంది.

పరీక్షనాళిక: ముందు అది నిజంగా ఆరిపోయిందో లేదో తేల్చుకోండి. బంగారు ద్రావణం మీ లేజర్ కాంతినీ, డై వెలుగునూ మధ్యలోనే మింగితే కూడా రీడింగ్ పడిపోతుంది. పలచన చేసి చూడండి. తర్వాత మెర్‌కాప్టోఇథనాల్ కలిపి డైని ఊడదీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట కొలవండి. కణానికి ఎన్ని అణువులు అంటాయో అప్పుడే తెలుస్తుంది. పీహెచ్ మాత్రం కణాల ద్రావణంలోనూ పైతేటలోనూ ఒకటే ఉండాలి, ఫ్లోరసీన్ ఆమ్లంలో మసకబారుతుంది.

నీలికాంతి: లైఫ్‌టైమ్ (అణువు ఉత్తేజిత స్థితిలో సగటున ఉండే సమయం) కొలిస్తే తేలిపోతుందా? మా దగ్గర ఆ సౌకర్యం ఉంది.

సన్నపొర: సగం తేలుతుంది. ద్రావణం కాంతిని మింగడమే కారణమైతే లైఫ్‌టైమ్ మారదు. అణువుకూ లోహానికీ మధ్య నిజంగా ఏదో జరిగితే తగ్గుతుంది. కానీ వెలుగు పెరిగినా తగ్గుతుంది, ఆరిపోయినా తగ్గుతుంది. అందుకే ఒక్కో అణువుకు వెలుగు ఎంతో పక్కనే పెట్టుకుని చూడాలి. లైఫ్‌టైమ్ తగ్గి వెలుగు పెరిగితేనే మీ పొర మందం కుదిరినట్టు.

నీలికాంతి: ధన్యవాదాలండి. పలచన చేసి చూడటం, డై ఊడదీయడం ముందు చేస్తాను. సిలికా పొర ఆ తర్వాతే.