జిప్సీ ముందు స్ప్రింగ్ హ్యాంగర్ నేరుగా చాసిస్‌కి వెల్డ్ చేయొచ్చా?

ప్రశ్న: ఆఫ్‌రోడ్‌కి వాడే మారుతి జిప్సీ జీపు. ముందు లీఫ్ స్ప్రింగ్ హ్యాంగర్లు (స్ప్రింగ్ చివరను చాసిస్‌కి పట్టే బ్రాకెట్లు) 6 మి.మీ. ప్లేటుతో కొత్తవి చేయిస్తున్నాం. హ్యాంగర్‌కి, చాసిస్‌కి మధ్య ప్యాచ్ ప్లేటు అవసరమా? ఏ వెల్డింగ్ రాడ్ వాడాలి?

జవాబు 1: ప్యాచ్ తప్పనిసరి అన్నా. చాసిస్ రేకు పలచన, హ్యాంగర్ మందం. కుదుపంతా వెల్డ్ అంచు మీదే పడుతుంది. వెల్డ్ బాగానే ఉంటుంది, పక్కన రేకు చీలుతుంది. మధ్యలో 4 మి.మీ. ప్లేటు వేయండి, హ్యాంగర్ కంటే చుట్టూ 40 మి.మీ. పెద్దది. చివర్లు ఏటవాలుగా కోసి మూలలు గుండ్రం చేయండి. చాసిస్‌కి అడ్డంగా నిట్టనిలువు వెల్డ్ మాత్రం వద్దు.

జవాబు 2: ముందు ట్యాక్‌లే (చిన్న చుక్క వెల్డ్‌లు). రెండు హ్యాంగర్ల రంధ్రాల్లోంచి ఒకే తిన్నని కడ్డీ దూర్చి, వెనక యాక్సిల్ నుంచి మూలకు మూల కొలవండి. తేడా ఉంటే ట్యాక్ కోసి సరిచేయండి, లేకపోతే బండి పక్కకు లాగుతుంది. రబ్బరు బుష్‌లు ముందే తీసేయాలి.

జవాబు 3: 7018 రకం వెల్డింగ్ రాడ్, 2.5 మి.మీ., డీసీ, రాడ్ పాజిటివ్‌కి, 70–90 ఆంప్స్. తేమ పట్టిన రాడ్‌తో పగుళ్లు వస్తాయి. 25 మి.మీ. చొప్పున వైపు మార్చుతూ వేయండి. నీళ్లు పోసి చల్లార్చొద్దు (మన షాపుల్లో ఇదో జబ్బు). ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే పెట్టండి, కరెంటు వీల్ బేరింగుల గుండా పోతే గుంటలు పడతాయి. బ్యాటరీ తీసేయండి.

ప్రశ్న: పాతవి గ్యాస్‌తో కోయొచ్చా?

జవాబు 1: వద్దు, గ్రైండర్‌తోనే. గ్యాస్ మంట చాసిస్‌నే తినేస్తుంది. బ్రేక్ పైపులు కూడా అక్కడే ఉంటాయి.