వైవాలో బుర్ర ఖాళీ అయిపోయి, బయటికి రాగానే అన్నీ గుర్తొస్తాయి, ఎందుకిలా?

తెల్ల ఆప్రాన్:
అందరికీ నమస్తే. నేను బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. పోయిన వారం ఫార్మకాలజీ, అంటే మందుల సబ్జెక్టు, ఇంటర్నల్ వైవా జరిగింది. నా నంబరు బాగా వెనక, అందుకని పొద్దున తొమ్మిదింటి నుంచి పదకొండున్నర దాకా వరండాలో నిలబడే ఉన్నాను, లోపలికెళ్లి వచ్చిన ప్రతివాళ్లూ "మేడం ఇవాళ అస్సలు మూడ్‌లో లేరే" అని చెప్పి పోతున్నారు. ఈలోపు మూడుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాను. తీరా లోపలికెళ్తే అడిగింది ఒకే ప్రశ్న: అట్రోపిన్ ఇస్తే పేషెంట్‌లో ఏమేం కనిపిస్తాయి? ముందురోజు రాత్రి మా రూమ్మేట్‌కి నేనే చెప్పిన ప్రశ్న అది! నాలుక పిడచకట్టుకుపోయి, గుండె దడదడలాడుతూ, అరచేతులు తడిసిపోయి బొమ్మలా నిలబడ్డాను. నోరు ఎండిపోవడం, గుండె వేగం పెరగడం అని చెప్తే సగం మార్కులు వచ్చేవి, ఆ రెండూ నా ఒంట్లోనే జరుగుతున్నాయి, అయినా నోరు పెగల్లేదు. మధ్యాహ్నం మెస్‌లో అన్నం కలుపుతుంటే మొత్తం లిస్టు వరసగా గుర్తొచ్చింది. ఏడుపొచ్చేసింది. ఇది నా భయమా, లేక ఒంట్లో ఏదైనా తేడా ఉందా?

గట్టిపిండం:
అంతా మనసులోనే ఉంటుంది చెల్లీ. ధైర్యంగా ఉంటే ఏమీ కాదు. మా రోజుల్లో ఈ టెన్షన్లు, హార్మోన్లు ఎవరికి తెలుసు.

పాత పంతులమ్మ:
గట్టిపిండం గారూ, తెలియకపోయినా మీ రోజుల్లోనూ ఆ హార్మోన్లు ఉన్నాయండీ. "ముచ్చెమటలు పట్టాయి", "కాళ్లూ చేతులూ ఆడలేదు" అన్న మాటలు ఎప్పటినుంచో ఉన్నవేగా.

అమ్మాయ్, నేను ఫిజియాలజీ చెప్పేదాన్ని, ఇప్పుడు రిటైరయ్యాను. ఒంట్లో తేడా ఏమీ లేదు, మెదడు తన పని తాను చేసింది, కాకపోతే దానికి మేడమ్‌కీ పులికీ తేడా తెలియదు. పని రెండు విడతల్లో జరుగుతుంది. మొదటిది సెకన్లలోనే. మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా ప్రమాదం అనగానే, హార్మోన్లను నడిపించే హైపోథాలమస్ నుంచి, ఒంటిని ఉరుకులకు సిద్ధం చేసే సింపథెటిక్ నరాలకు ఆర్డరు వెళ్తుంది, అడ్రినల్ గ్రంథి లోపలి భాగం అడ్రినలిన్ వదుల్తుంది, దాంతో గుండె వేగం, చేతుల వణుకు. అదే సమయంలో మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న చోటు, ఆ పేరుకి అర్థం "నీలి చోటు", మెదడంతా నార్‌అడ్రినలిన్ చిమ్ముతుంది. ఇది మితంగా ఉంటే మంచిదే, నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చురుగ్గా ఉంటుంది. మోతాదు మించిందా, అదే రసాయనం వేరే రిసెప్టర్లకు, అంటే కణాల మీద రసాయనాలను అందుకునే చోట్లకు, అతుక్కుని ఆ భాగాన్ని మందకొడిగా చేస్తుంది. మాటలు వరసగా పేర్చుకోవాల్సింది ఆ భాగమే మరి.

రెండో విడత నెమ్మది. హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోను వదిలితే, దాని కిందున్న పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే ఇంకోటి వదుల్తుంది, అది రక్తంలో ప్రయాణించి అడ్రినల్ పైపొరకు చేరితే అప్పుడు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బయటికొస్తుంది. అది బాగా పెరిగేసరికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. 1998లో ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. నీటి తొట్టెలో మునిగి ఉన్న మెట్టు ఎక్కడుందో వాటికి ముందే నేర్పి, తర్వాత కాళ్లకు చిన్న షాక్ ఇచ్చి మళ్లీ వెతకమన్నారు. షాకిచ్చిన రెండు నిమిషాలకు వదిలితే బాగానే వెతుక్కున్నాయి, నాలుగు గంటలకు వదిలినా వెతుక్కున్నాయి. అరగంటకు వదిలినవి మాత్రం తడబడ్డాయి. వాటి ఒత్తిడి హార్మోను తయారవకుండా మందు ఇస్తే ఆ తడబాటు పోయింది. అంటే నేర్చుకున్నది చెరిగిపోలేదు, బయటికి రాలేదు, అంతే. నీకు అన్నం కలుపుతుంటే గుర్తొచ్చిందన్నావు చూడు. నిన్ను దెబ్బతీసింది ప్రశ్న ఒక్కటే కాదు, ఆ రెండున్నర గంటల వరండా కూడా.

అన్నట్టు నీ ఒంట్లో జరిగింది అచ్చంగా అట్రోపిన్ లిస్టు కాదు. అట్రోపిన్ ఇస్తే చెమట ఆగిపోయి చర్మం పొడిబారుతుంది, పేగులు నెమ్మదిస్తాయి. నీకు అరచేతులు తడిశాయి, బాత్రూమ్‌కి మూడుసార్లు వెళ్లావు. చెమట గ్రంథులకు వెళ్లేవి సింపథెటిక్ నరాలే అయినా అవి వదిలేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం, అట్రోపిన్ అడ్డుపడేది సరిగ్గా దానికే. ఇక సీఆర్‌హెచ్ పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేసి పెద్దపేగును మాత్రం తొందరపెడుతుంది, అందుకే తిన్నది కడుపులో రాయిలా ఉంటుంది, బాత్రూమ్ పిలుస్తూనే ఉంటుంది. ఈ తేడాలు చెప్పి ఉంటే మీ మేడం మూడ్ మారిపోయేది.

పల్సర్ బాబు:
అక్కా, ఎవరైనా "ప్రోప్రనలాల్ వేసుకో, వణుకు రాదు" అంటే మాత్రం వినకు, అది గుండె దడ తగ్గించే మాత్ర. ఇంటర్వ్యూకి ముందు ఫ్రెండ్ ఇచ్చాడు కదాని నేనొకటి వేసుకున్నాను. చేతులు వణకలేదు, నిజమే. కానీ నాకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఆ సంగతి వాడికి తెలియదు, నాకు గుర్తు రాలేదు. లిఫ్టు పాడైతే మూడో అంతస్తు మెట్లెక్కేసరికి పిల్లికూతలు మొదలయ్యాయి. రిసెప్షన్‌లో కూర్చోబెట్టి నీళ్లిచ్చారు, ఇంటర్వ్యూ సంగతి దేవుడెరుగు.

పాత పంతులమ్మ:
బాబూ, బతికి బయటపడ్డావు. అడ్రినలిన్ గుండెను పరిగెత్తించేది, ఊపిరితిత్తుల గొట్టాలను వదులు చేసేది దాదాపు ఒకే కుటుంబపు రిసెప్టర్ల ద్వారా. ఆ మాత్ర రెండింటినీ మూసేస్తుంది. దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్‌లో వాటా వచ్చింది, గొప్ప మందే, కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు కాదు, డాక్టరు చూడకుండా ఎవరికీ కాదు.

తెల్ల ఆప్రాన్:
మేడం, చాలా థాంక్స్. రెండుసార్లు చదివాను. మరి మా రూమ్మేట్ కూడా అదే వరండాలో అంతసేపూ నిలబడింది, చిప్స్ తింటూ. లోపలికెళ్లి గడగడా చెప్పేసింది. తనకి కార్టిసాల్ లేదా?

పాత పంతులమ్మ:
ఉంటుంది తల్లీ, లేకపోతే మంచం మీంచి లేవలేదు. అందరిలోనూ అది ఒకేలా పెరగదు, ఒకే వేగంతో దిగదు. పుట్టుకతో వచ్చింది కొంత, పెరిగిన తీరు కొంత, రాత్రి నిద్ర కొంత. తనకి వరండా అంటే చిప్స్ తినే చోటు, నీకు కోర్టు బోను.

జర్మనీలో ట్రియర్ యూనివర్సిటీవాళ్లు 1993లో ఒక పరీక్ష పద్ధతి తెచ్చారు. ఎదురుగా బోర్డు కూర్చుంటుంది, నవ్వరు, తల ఊపరు. వాళ్ల ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత 1022 నుంచి పదమూడు చొప్పున తీసేస్తూ చెప్పాలి, తప్పితే మళ్లీ మొదటికి. మధ్యమధ్యలో లాలాజలం తీసి కార్టిసాల్ చూస్తారు. అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ పిలిస్తే చాలామందిలో రెండో మూడో సారికి కార్టిసాల్ అంత ఎగబాకదు. కొందరిలో తగ్గదు, అది వేరే మాట. కాబట్టి ఒంటరిగా చదవడం తగ్గించి, నిలబడి, ఎవరో ఒకరు మొహం మాడ్చుకుని చూస్తుండగా చెప్పడం అలవాటు చేసుకో. వరండాలో బయటికొచ్చినవాళ్ల కబుర్లు వినకు, ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండేలా చూడు, వదిలేటప్పుడు వేగస్ నరం గుండెకు బ్రేకు వేస్తుంది. ఇలా ప్రతి పరీక్షకీ నిద్ర, తిండి చెడితే మాత్రం డాక్టరుకి చూపించుకో, అందులో నామోషీ ఏమీ లేదు.

గట్టిపిండం:
1022, 1009, 996, 983... ఇంట్లో కూర్చునే నాలుగోదానికి ఆగాల్సొచ్చింది. మా ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తోంది.

తెల్ల ఆప్రాన్:
నిన్న రాత్రి రూమ్‌లో బోర్డు పెట్టాం. రూమ్మేట్ మంచమెక్కి కూర్చుని మా మేడంలా కళ్లజోడు కిందికి దించి చూసింది, నాకు నవ్వాగలేదు, అయినా అట్రోపిన్ మొత్తం చెప్పాను. ఇవాళ పక్క రూమ్ సీనియర్‌ని పిలుస్తున్నాం, ఆవిడంటే నిజంగానే భయం.