ఐసీయూలో సెంట్రల్ లైన్ ఇన్‌ఫెక్షన్లు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: జిల్లా ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే సన్నటి గొట్టం) వేసిన నాలుగైదు రోజులకే చలిజ్వరంతో వణికే పేషెంట్లని చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. మా డాక్టరుగారు "మనమే ఏదైనా చేద్దాం" అన్నారు. ఏం చేయాలి?

జవాబు: అమెరికాలోని మిషిగన్‌లో డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ బృందం ఐదే పనులు పట్టుకుంది మేడమ్. చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో చర్మం తుడవడం, గౌను, మాస్కు, ఒళ్లంతా కప్పే స్టెరైల్ షీటు వాడడం, వీలైతే తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇవి మొదలుపెట్టిన మూడు నెలల్లోనే కనీసం సగం ఐసీయూల్లో ఇన్‌ఫెక్షన్లు సున్నాకొచ్చాయి.

ఇంకో జవాబు: నిజమే, కానీ అక్కడ డాక్టరు ఒక్క మెట్టు వదిలేసినా నర్సు ఆపేయొచ్చు, అసలు బలం అదే. మీ డాక్టరుగారే ఆ మాట అందరి ముందూ చెప్పాలి అక్కా. మా దగ్గర గ్లవ్స్ ఒక అల్మారాలో, షీట్లు ఇంకోదాంట్లో ఉండేవి, వెతకలేక వదిలేసేవాళ్లం. ఇప్పుడన్నీ ఒకే ట్రాలీలో పెట్టాం, ఎర్ర టేపు అంటించి.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండీ. రేపు రౌండ్స్‌లో ప్రతి బెడ్ దగ్గరా "ఈ లైన్ ఇంకా కావాలా సార్?" అని అడుగుతాను.