శాండీ కోఫాక్స్ కార్డులు: తొమ్మిదింటిలో ఏవి ఉండాలి?

ప్రశ్న:
అమెరికా బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్‌కు ఆడిన ఎడమచేతి వాటం పిచర్ (బంతి వేసే ఆటగాడు) శాండీ కోఫాక్స్ క్రీడాజీవితంపై స్వయంగా కార్డులు రూపొందిస్తున్నాను. ఆల్బమ్ పేజీలో తొమ్మిది గళ్లే ఉంటాయి కనుక తొమ్మిదికి మించకూడదని నిర్ణయించుకున్నాను. 1962 నుండి 1965 వరకు ఏటా ఒకటి చొప్పున సాధించిన నో-హిట్టర్లకు (ప్రత్యర్థి బ్యాటర్లు బంతిని కొట్టి బేస్ చేరే ‘హిట్’ ఒక్కటీ ఇవ్వని ఆటలు) నాలుగు, 1963, 1965, 1966లలో ఉత్తమ పిచర్‌గా అందుకున్న సై యంగ్ పురస్కారాలకు మూడు, 1955లో బ్రూక్లిన్ జట్టు తరఫున అరంగేట్రానికి ఒకటి, 1972లో హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా) ప్రవేశానికి ఒకటి కేటాయించాను. అమర్చి చూస్తే గెలుపుల పట్టికలా ఉంది గాని మనిషి కనబడటం లేదు. ఏం మార్చమంటారు?

సమాధానం 1:
మూడు పురస్కారాలనూ ఒకే కార్డులోకి తెచ్చి, ఖాళీ అయిన రెండింటిలో ఒకటి 1961కి ఇవ్వండి. మొదటి ఆరు సీజన్లలో ఆయన గెలిచినవి 36, ఓడినవి 40; వేగం ఉన్నా బంతి అదుపులో ఉండేది కాదు. ఆ వసంత శిక్షణలో క్యాచర్ నార్మ్ షెర్రీ బలం కాస్త తగ్గించి వేయమని చెప్పాక, అదే ఏడాది 269 స్ట్రైకౌట్లతో (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) డాడ్జర్స్ ఆడే నేషనల్ లీగ్‌లో రికార్డు నెలకొల్పారు. రెండోది 1965 వరల్డ్ సిరీస్‌కు, అంటే ఆ ఏటి ఛాంపియన్‌ను తేల్చే ఆటలకు. యూదుల పవిత్రదినం యోమ్ కిప్పూర్ అని మొదటి ఆట వదులుకున్న మనిషే, రెండు రోజుల విరామంతో ఏడో ఆటలో దిగి మిన్నెసోటాకు ఒక్క పరుగూ ఇవ్వకుండా 2-0తో గెలిపించారు. ముందువైపు ఖాళీ పిచింగ్ దిబ్బను, వెనుక ఏడో ఆట స్కోరును వేస్తే బాగుంటుంది.

సమాధానం 2:
అరంగేట్రం కార్డును 1955లో టాప్స్ కంపెనీ వేసిన కార్డు కొలతలో ముద్రిస్తే మీ గడిలో పట్టదు, ఇప్పటి 2.5 × 3.5 అంగుళాల కొలత 1957లో వచ్చింది. ఫోటో తిరగబడిందేమో కూడా తప్పక చూసుకోండి. 1957లో వచ్చిన మరో బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ కార్డులో బొమ్మ తిరగబడి, కుడిచేతి బ్యాటర్ ఎడమచేతి వాటంగా కనిపించారు. కోఫాక్స్ విషయంలో అదే జరిగితే వరుసకే అర్థం పోతుంది. చొక్కాపై 32 అంకెను చూస్తే వెంటనే తెలుస్తుంది. పాత కార్డని ఎవరూ పొరబడకుండా, వెనుక తయారీ సంవత్సరం వేయడం మరవకండి.

సమాధానం 3:
మీ నాలుగో నో-హిట్టర్ అయిన 1965 సెప్టెంబర్ 9 నాటి పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థుల్లో ఒక్కరూ బేస్ చేరని ఆట) కార్డు వెనుక ప్రత్యర్థి పిచర్ బాబ్ హెండ్లీ పేరు కూడా ఉండాలని నా కోరిక. ఆయన ఆ రోజు ఇచ్చింది ఒకే ఒక్క హిట్. డాడ్జర్స్ చేసిన ఏకైక పరుగు హిట్ లేకుండానే వచ్చింది. మరొక మాట: 1966లో 27 విజయాలు, 1.73 ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చే పరుగుల సగటు; తక్కువైతే మేలు) సాధించి, మోచేతి కీళ్లవాతం వల్ల 30 ఏళ్లకే విరమించిన ఘట్టం మీ జాబితాలో లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. చివరి కార్డు విరమణకే ఇస్తున్నాను. 36 ఏళ్లకే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన సంగతి దాని వెనుక ఉంటుంది. హెండ్లీ పేరు తప్పక వేస్తాను.