పోస్ట్‌నాటల్ వార్డులో నైట్ డ్యూటీ: ఏ పని ఆగినా ఇవి మాత్రం ఆగకూడదు అనేవి ఏవి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, హైదరాబాద్)

నమస్తే. బాలింతలు, గైనిక్ ఆపరేషన్ కేసులు ఒకే వార్డులో, నైట్‌లో ఇద్దరే స్టాఫ్. ఇంజెక్షన్లు, సెలైన్లు, కొత్త అడ్మిషన్లతోనే తెల్లారిపోతుంది. గర్భసంచి తడిమి చూడటం, ప్యాడ్ చూడటం, మూత్రం కొలవటం, పాలు పట్టించటం, లేపి నడిపించటం మిగిలిపోతున్నాయి. కేస్ షీట్‌లో మాత్రం అన్నిటికీ టిక్కులు పడుతున్నాయి. ఏవి అస్సలు వదలకూడదు? ఏవి ఆయమ్మకో అటెండెంట్లకో అప్పగించవచ్చు?

సీనియర్ సిస్టర్

అమ్మా, కాన్పయిన మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకోసారి చూడటం మాత్రం ఆగొద్దు. ముందు మూత్రం పోయించండి. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచిని పైకి, పక్కకి నెట్టి ముడుచుకోనివ్వదు. తర్వాత ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఆనించి, రెండో చేత్తో బొడ్డు దగ్గర తడమండి. గట్టిగా, గుండ్రంగా తగలాలి. మెత్తగా ఉంటే అక్కడే రుద్దుతూ ఎవరినైనా డాక్టరు దగ్గరికి పంపండి. ఆమెను వదిలి మీరు పరిగెత్తొద్దు.

ప్యాడ్ ఒక్కటే చూసి వెళ్లకండి, నడుం కింద చెయ్యి పెట్టి చూడండి. వెల్లకిలా పడుకున్నామెకు రక్తం వెనక్కి జారి రబ్బరు షీటు మీద చేరుతుంది, ప్యాడ్ సగమే తడుస్తుంది. నాడి బీపీ కంటే ముందు చెబుతుంది. బీపీ బాగానే ఉన్నా నాడి ఎక్కుతూ పోతుంటే నమ్మకండి. రక్తస్రావం 500 మి.లీ. దాటితేనే ప్రమాదం అనుకోవద్దు, రక్తహీనతతో వచ్చినామె అంతకన్నా తక్కువకే కూలబడుతుంది.

సిజేరియన్ అయినామెకు కూడా ఇదంతా చూడాలి. కుట్టు నొప్పి పెడుతుందని పొట్ట ముట్టుకోకుండా వదిలేసేది వీళ్లనే. పక్కనుంచి మెల్లగా తడమొచ్చు.

నర్సింగ్ ట్యూటర్

మేడం చెప్పింది నిజం. చిన్న పని ఆగితే పెద్ద మందు ప్రమాదమయ్యే చోటు ఇంకొకటుంది. ఫిట్స్ కేసులకు మెగ్నీషియం సల్ఫేట్ నాలుగు గంటలకోసారి 5 గ్రాములు కండకి ఇస్తున్నప్పుడు, ప్రతి డోసుకీ ముందు మూడు చూడాలి: మోకాలి జెర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) వస్తోందా, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గకుండా ఉందా, గడిచిన నాలుగు గంటల్లో మూత్రం గంటకు 30 మి.లీ. చొప్పునైనా వచ్చిందా. డ్యూటీ మారేటప్పుడు యూరోబ్యాగ్ (మూత్రం చేరే సంచి) ఖాళీ చేసి టైము రాయకపోతే ఈ మూడోది ఎవరికీ తెలియదు, డోసు గుడ్డిగా పడుతుంది. మందు బయటికి పోయేది మూత్రంలోనే కదా. దీనికి విరుగుడైన 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. మంచం పక్కనే ఉండాలి.

కాథెటర్ (మూత్రం గొట్టం) తీశాక 6 గంటల్లోపు మూత్రం రావాలి, మొదటిసారి కొలవాలి. 50 మి.లీ. చొప్పున పదేపదే పోతుంటే మూత్రాశయం నిండి పొర్లుతుండవచ్చు. "పోస్తోంది" అని రాసి ఊరుకోకండి, పొట్ట తడమండి.

గర్భసంచి తీసిన కేసుల్లో యోనిలో పెట్టిన ప్యాక్ (గాజు గుడ్డ) సంగతి హ్యాండోవర్‌లో నోటిమాటగా చెబితే పోతుంది. పెట్టిన టైము, తీయాల్సిన టైము కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయండి.

వార్డు ఇన్‌ఛార్జి

నీళ్లందించడం, ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం ఆయమ్మ చేయొచ్చు. సిజేరియన్ తర్వాత మొదటిసారి లేపేటప్పుడు మాత్రం స్టాఫ్ ఉండాల్సిందే. మంచం అంచున కాళ్లు వేలాడేసి కాసేపు కూర్చోబెట్టి, కళ్లు తిరగడం లేదని చూసుకున్నాకే నిలబెట్టాలి. రెండోసారి నుంచి అటెండెంట్లకు అప్పగించవచ్చు.

పాలు పట్టించటం ఆగితే వెంటనే తేనె నాకించడం, చక్కెర నీళ్లు పోయడం మొదలవుతాయి. తల్లిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, బిడ్డ చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి తీసుకునేట్టు ఒక్కసారి దగ్గరుండి పట్టిస్తే ఆ రాత్రి గడుస్తుంది. అత్తకో అమ్మకో అప్పుడే చూపించండి. మన దగ్గర సగం మందికి ఉర్దూనే వస్తుంది కాబట్టి "పేషాబ్ హువా?" (మూత్రం వచ్చిందా?) అని అడగడం ప్రతి సిస్టర్‌కీ రావాలి.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు మేడం. మరి టిక్కుల సంగతి? ఖాళీగా వదిలితే రౌండ్స్‌లో మాట పడుతోంది.

నర్సింగ్ ట్యూటర్

ఖాళీ వద్దు, దొంగ టిక్కు అంతకన్నా వద్దు. "2 గంటలకు చూడలేదు, అడ్మిషన్‌లో ఉన్నాను, 2.40కి చూశాను, గర్భసంచి గట్టిగా ఉంది" అని రాయండి. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ 2006లో ఆగిపోయిన నర్సింగ్ సేవల మీద రాసినప్పుడు బయటపడిన కారణాల్లో సిబ్బంది కొరత, పని సరిగ్గా అప్పగించకపోవడం, వదిలేయడం అలవాటైపోవడం ఉన్నాయి. మీ వార్డులో ఏ కారణమో ఆ రాతల్లోనే తేలుతుంది. నెల రోజుల రాతలు పోగుచేసి, ఏ గంటలో ఎక్కువ ఆగుతున్నాయో చూపిస్తూ నర్సింగ్ సూపరింటెండెంట్‌కు లెటర్ పెట్టండి. అన్నిటికీ టిక్కులున్న చార్టు చూపించి మూడో మనిషిని అడిగితే ఎవరూ ఇవ్వరు.