ఘనాలో గ్రాస్‌కట్టర్ పెంపకం: చిన్న రైతు లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న (తూర్పుగాలి):
ఘనాలో గ్రాస్‌కట్టర్ అంటే మన గడ్డి కోసే మిషను కాదు, చెరకు ఎలుక. పేరుకి ఎలుకే గానీ ఏదుపందికి దగ్గరి చుట్టం. దీని మాంసానికి గొడ్డుమాంసం కంటే ఎక్కువ ధర, మేత చూస్తే గడ్డే. అయినా ఒక మగ, నాలుగు ఆడవాటితో మొదలుపెట్టిన చిన్న రైతులు మధ్యలోనే ఎందుకు చేతులెత్తేస్తున్నారు?

జవాబు (పద్దుపుస్తకం):
ధర దగ్గర కాదండీ, రోజుల దగ్గర తప్పుతోంది. నాలుగు నెలల పిల్లల్ని కొంటే జత కట్టించడానికి ఇంకో మూడు నెలలు ఆగాలి. చూలు సుమారు 152 రోజులు. కుందేలుకైతే నెల చాలు. ఈతకి సగటున నాలుగు పిల్లలు, అవి కోతకి రావడానికి మరో 8–10 నెలలు. అంటే ఏడాదిన్నర దాకా మాంసం మీద ఒక్క సెడీ (ఘనా రూపాయి అనుకోండి) కూడా చేతికి రాదు.

నాలుగు ఆడవాటికి 16 పిల్లలు, నాలుగు చచ్చినా 12 మిగులుతాయి. అందులో సగం మగవే అనుకోండి. ఎదిగిన మగవాటిని ఒకే గూట్లో ఉంచితే కొరుక్కుని చస్తాయి. నాలుగో నెలకే విడదీయాలి, మళ్లీ గూళ్లు కట్టాలి. చెక్కతో కడితే కొరికి బయటపడతాయి, అంచులకి రేకు తొడగాల్సిందే. ముందుగా దిగి లాభపడినవాళ్లు చాలావరకు అమ్మింది మాంసం కాదు, కొత్తవాళ్లకి పెంపకపు జతలు. కొత్తవాళ్లు తగ్గితే ఆ బేరమూ పోతుంది.

మరో జవాబు (పచ్చగడ్డి):
"మేత గడ్డేగా" అన్నదే పెద్ద పొరపాటు. ఇది కాడ తిని ఆకు వదిలేస్తుంది, మోపులో చాలాభాగం కాళ్లకింద తొక్కుడుకే. వానకి తడిసిన గడ్డి అలాగే వేస్తే కడుపుబ్బుతుంది, పారుకుంటుంది. కోసి, ఒక పూట వాడ్చి వేయాలి. ఆ కోతపని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద పడుతుంది. ఆ కూలి ఏ పద్దులోనూ ఎక్కదు.

ఎండాకాలంలో సహారా వైపు నుంచి వీచే పొడిగాలి, హర్మటాన్, మొదలైతే పచ్చిమేత కరువు. సొంత నేల ఉన్నవాడు నేపియర్ గడ్డి నాటుకుంటాడు. అబూసా పద్ధతిలో మూడోవంతు వాటాకి కోకో తోట చూసేవాడికి అంత చోటు ఎవరిస్తారు? రోడ్డు పక్క కోస్తే దానిమీద ఏ మందు పడిందో తెలియదు. ఎండిన కర్రపెండలం తొక్కలు, కాస్త మొక్కజొన్న తోడు పెడితే గట్టెక్కొచ్చు.

తూర్పుగాలి:
ఆగస్టు 1 నుంచి డిసెంబరు 1 దాకా అక్కడ వేట నిషేధం కదా, అప్పుడైనా పెంచేవాళ్లకి మంచి ధర రావాలి?

పద్దుపుస్తకం:
నిషేధం మిగతా జంతువులకి. గ్రాస్‌కట్టర్‌ని లైసెన్సుతో అప్పుడూ వేటాడొచ్చు. ఎండల్లోనైతే పొదలకి నిప్పంటించి పడతారు. వేటగాడికి గూడు ఖర్చు లేదు, మేత ఖర్చు లేదు. లైట్ సూప్‌లో (అక్కడి పల్చటి పులుసు) పడ్డాక చాప్ బార్‌లో, అంటే చిన్న భోజన హోటల్లో, తినేవాడికి పెంచిందో పట్టిందో తేడా తెలియదు.

పచ్చగడ్డి:
కొత్తగా దిగేవాళ్లు ముందు ఒక వానాకాలం గడ్డి నాటుకుని, అది నిలిచాకే జంతువుల్ని కొనాలి. అదీ ఒక మగ, రెండు ఆడతో. ఉన్న పంట వదిలేసి మాత్రం కాదు.