బీర పీచు మీద ఇన్ని పేపర్లు, బయటికొచ్చిందెంత?

పందిరి_రైతు:
నేతిబీర పీచు మీద పరిశోధన పేపర్లు చదవడం మొదలెట్టా, తల తిరిగింది. రంగునీళ్ళు పీలుస్తుందట, నికెల్ లాగేస్తుందట, జిగురులాంటి రెసిన్‌లో కలిపితే బోర్డవుతుందట, విత్తనంలో మందుందట. ఇన్ని ఉపయోగాలున్న సరుకుని స్నానానికి తప్ప ఇంకెవరూ అడగరేంటి మరి? డిగ్రీల కోసం రాసుకునే రాతలనిపిస్తోంది నాకైతే. కాదంటే చెప్పండి.

ల్యాబ్_జీవి:
కాదండీ. ఎండిన పీచులో ఎక్కువ భాగం ఖాళీయే, ఉన్న నారలో సగానికి పైగా సెల్యులోజ్, దానికి తోడు నారని గట్టిపరిచే లిగ్నిన్, అంత తేలికైన అల్లిక మనం మెషీన్‌తో చేయాలంటే చుక్కలు కనిపిస్తాయి. 2012లో వచ్చిన స్టడీలో పీచుని నొక్కి చూస్తే, దాదాపు అంతే సాంద్రత ఉన్న కొన్ని లోహపు ఫోమ్‌లకి దీటుగా నిలబడింది. 2004లో క్లోరెల్లా నాచుని పీచు ముక్కల్లో నిలిపి నీళ్ళలోంచి నికెల్ తీశారు, అక్కడ అసలు పని నాచుది, పీచు దానికి ఇల్లు. 2020లో దీని జీనోమ్, అంటే మొత్తం జన్యు సమాచారం కూడా చదివేశారు. ఇవన్నీ ఉత్త రాతలా?

దురద_బాధితుడు:
స్నానానికి ఈ పీచు, అదే లూఫా, అసలు వాడకండి. నాకు వీపంతా పొక్కులు. 1993లోనే లూఫా నుంచి సూడోమోనాస్ అనే బాక్టీరియా చర్మానికి అంటుకున్న కేసు రాశారు, మరుసటేడు ఇంకో పేపర్, తడి పీచులో అది ఎలా పెరుగుతుందో చూపించారు.

వంకర_తీగ:
బ్లీచ్ నీళ్ళలో ముంచితే పోతుందని కూడా ఆ రెండో పేపర్లోనే ఉంది. అది చదవలేదా?

దురద_బాధితుడు:
చదివా. నైలాన్‌ది వాడినన్నాళ్ళు నాకేం కాలేదు, అది చాలు నాకు.

వంకర_తీగ:
తడిగా వదిలేస్తే నైలాన్ మీదా పెరుగుతాయి.

మూలికాభిమాని:
విత్తనంలో లఫిన్ అనే ప్రోటీన్ ఉంది, క్యాన్సర్ కణాల్ని చంపుతుంది. మందుల కంపెనీలే తొక్కేస్తున్నాయని నా అనుమానం.

ల్యాబ్_జీవి:
లఫిన్ కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ని దెబ్బకొట్టి ఆ తయారీనే ఆపేస్తుంది, అందుకే కణం చస్తుంది. ల్యాబ్ గిన్నెలో కణం చచ్చినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. ఎవరూ విత్తనాలు నూరుకుని తాగకండి బాబూ.

పందిరి_రైతు:
నా ప్రశ్న ఎటో పోయింది. కొనేదెవరు?

ల్యాబ్_జీవి:
పరాగ్వేలో ఎల్సా సాల్దివార్ అనే ఆవిడ అమ్ముడుపోని నాసి పీచునీ పాత ప్లాస్టిక్‌నీ కలిపి ఇళ్ళకి ప్యానెల్స్ చేయించారు, 2008లో రోలెక్స్ అవార్డు కూడా వచ్చింది.

పందిరి_రైతు:
అవార్డు ఆవిడకొచ్చింది, సంతోషం. నేను అడిగింది బేరం గురించి. అడిగిన ప్రతిసారీ ఇంకో పేపర్ చూపిస్తావ్.

ల్యాబ్_జీవి:
అయితే వినండి. పీచు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, రెసిన్‌తో సరిగ్గా అంటుకోదు, దానికి కాస్టిక్ సోడాలో నానబెట్టాలి, ఎక్కువసేపు ఉంచితే నారే బలహీనపడుతుంది. మురికినీళ్ళలో పెడితే సూక్ష్మజీవులు దాన్నే తినేస్తాయి. వీటన్నిటికన్నా పెద్ద గోల, ఏ రెండు కాయలూ ఒకలా ఉండవు. ఒక ఫ్యాక్టరీవాడు ఇవాళ ఒక సాంద్రత, రేపు ఇంకో సాంద్రత అంటే తీసుకుంటాడా? సరుకు ఒకే తీరుగా ఇవ్వలేని మీరు సైన్స్‌ని తిడితే ఎలా!

పందిరి_రైతు:
ఓహో తప్పు నాదా. ఒక కాలేజీ వాళ్ళు ప్రాజెక్టు అంటూ వచ్చి నా పాదు మీద ఎండిన కాయలు గోనెసంచుల్లో పట్టుకెళ్ళారు, ఫలితాలు చెప్తాం, ఏ కాయ మంచిదో చెప్తాం అన్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. పేపర్ వచ్చింది, అందులో పీచు ‘మార్కెట్లో కొన్నది’ అని రాశారు. ఏ కాయ ఎప్పుడు కోశానో, పాదు మీదే ఎండిందో పచ్చిగా తెంపి ఎండబెట్టానో ఒక్కరూ అడగలా. ఏ రెండు కాయలూ ఒకలా ఉండవని నువ్వే అంటున్నావ్, ఎందుకుండవో కనుక్కునే పని ఎవరిది, నాదా?

వంకర_తీగ:
ఇదిగో, అసలు సంగతి ఇప్పుడు బయటపడింది.

ల్యాబ్_జీవి:
ఆ పని పెద్దగా ఎవరూ చేయకపోవడానికి కారణం ఉంది. కోత వయసుకీ నార బలానికీ లెక్క కట్టాలంటే సీజన్లకి సీజన్లు పడుతుంది, చివరికి పేపర్‌ని పరీక్షించే రివ్యూయర్ కొత్తదనం లేదని తిప్పి పంపుతాడు. అదే పీచు మిథిలీన్ బ్లూ అనే రంగుని పీల్చింది అని రాస్తే ఆరు నెలల్లో అచ్చు. నా గైడ్ నాతో కూడా అదే చేయించాడు, ఇష్టపడి చేశానా నేను?

దురద_బాధితుడు:
మీ ఇద్దరూ బ్లీచింగ్ సంగతి మర్చిపోయారు.

ల్యాబ్_జీవి:
రైతు గారూ, కోత తేదీ రాసిపెట్టిన కాయలు మీ దగ్గరున్నాయా?

పందిరి_రైతు:
ఉన్నాయి, పాదు పాదుకీ రాసిపెట్టుకుంటా. ఈసారి మాత్రం ఊరికే ఇవ్వను, పేపర్లో పీచు ఎక్కడిదో నేను చెప్పినట్టే రాయాలి.